మెదడుకు కాపలా మత్తు వైద్యుడే

2024 సెప్టెంబరులో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఒక మహిళకు తల తెరిచి మెదడులోని కణితిని తొలగిస్తుండగా, ఆమె మెలకువగానే ఉండి 'అదుర్స్' సినిమా చూశారన్న వార్త విశేష ఆసక్తి రేపింది. అంతకు ఏడేళ్ల ముందు, 2017లో గుంటూరులో ఇటువంటి శస్త్రచికిత్సే 'బాహుబలి-2' చూపిస్తూ చేశారు. రెండు సందర్భాలలోనూ జనం దృష్టి మొదట సినిమా మీద, తరువాత శస్త్రచికిత్స చేసిన వారి మీద పడింది. తల తెరిచి ఉన్న మనిషి నొప్పి తెలియకుండా, బెదరకుండా, ఊపిరి తడబడకుండా తెర వైపు చూస్తూ మాట్లాడగలగడం ఎవరి పనితనమన్న ప్రశ్న అంతగా వినిపించలేదు. ఆ పని మత్తు వైద్యునిది.

మత్తు డాక్టరు అనగానే సూది ఇచ్చి నిద్రపుచ్చి, ఆపరేషన్ ముగియగానే లేపి పంపే వ్యక్తిగానే సామాన్యులు భావిస్తారు. అపెండిసైటిస్‌కో, హెర్నియాకో చేసే ఆపరేషన్ విషయంలో ఆ భావన కొంతవరకు చెల్లుతుంది. మెదడు, వెన్నుపాము, నరాల శస్త్రచికిత్సలలో మాత్రం అది పూర్తిగా పొరపాటు. ఇక్కడ మత్తుమందు పనిచేసే అవయవమూ, సర్జన్ కత్తి పెట్టే అవయవమూ ఒక్కటే. మత్తు వైద్యుడు ఇచ్చే ప్రతి మందు, ఎక్కించే ప్రతి సెలైన్ సీసా, వెంటిలేటర్ మీద తిప్పే ప్రతి మీట మెదడు పరిమాణాన్ని, అందులోకి వెళ్లే రక్తాన్ని మార్చివేస్తాయి. అందుకే 'న్యూరో అనస్తీషియా' అనే ప్రత్యేక శాఖ ఏర్పడింది. దేశంలో నాడీ శస్త్రచికిత్స విస్తరించినంత వేగంగా ఈ శాఖ విస్తరించలేదు. ఆ లోటు ఫలితాన్ని రోజూ జాతీయ రహదారుల మీద తలకు గాయాలైన వారు అనుభవిస్తున్నారు.

మూసిన పెట్టె

మెదడు బరువు శరీరం బరువులో దాదాపు 2 శాతం. గుండె పంపే రక్తంలో మాత్రం సుమారు 15 శాతం, శరీరం వాడుకొనే ప్రాణవాయువులో 20 శాతం దానికే కావాలి. ఇంత ఆకలి గల అవయవం సాగని ఎముక పెట్టెలో ఉంది. పెట్టెలో ఉండేవి మూడే: మెదడు కణజాలం, రక్తం, మెదడు చుట్టూ ఉండే ద్రవం. వీటిలో ఒకటి పెరిగితే మిగిలినవి తగ్గి చోటివ్వాలి. ఇవ్వలేకపోతే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ మన్రో 1783లోను, జార్జ్ కెల్లీ 1824లోను చెప్పిన ఈ సూత్రమే నేటికీ న్యూరో అనస్తీషియాకు పునాది.

కణితి పెరిగిన మెదడుకో, రక్తం గడ్డకట్టిన మెదడుకో అప్పటికే చోటు మిగలదు. అటువంటి రోగి గొంతులోకి గొట్టం దించేటప్పుడు మత్తు చాలక దగ్గినా, రక్తపోటు ఎగసినా ఆ కొద్ది క్షణాలే ప్రమాదకరం కావచ్చు. తలను కదలకుండా బిగించే ఇనుప పట్టీ మేకులు చర్మంలోకి దిగే క్షణమూ అటువంటిదే. అలాగని మత్తు ఎక్కువైతే రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం అందదు. ఈ రెండు అంచుల మధ్య నాలుగైదు గంటలు, ఒక్కోసారి పది గంటలు రోగిని నడిపించవలసి ఉంటుంది.

ఈ నడకలో మత్తు వైద్యుని చేతిలోని బలమైన సాధనం శ్వాస. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, తగ్గితే ముడుచుకుంటాయి. మామూలుగా 40 మిల్లీమీటర్ల స్థాయిలో ఉండే ఈ వాయువు పీడనం 80కి పెరిగితే మెదడులోకి రక్తప్రవాహం ఇంచుమించు రెట్టింపవుతుంది. 20కి దిగితే సగమవుతుంది. కనుక వెంటిలేటర్‌తో శ్వాస వేగం పెంచితే ఉబ్బిన మెదడు సర్జన్ కళ్ల ముందే కుంచించుకుపోతుంది. ఈ సౌలభ్యం చూసి ఒకప్పుడు తలగాయం రోగులందరికీ రోజుల తరబడి వేగంగా శ్వాస ఇచ్చేవారు. అలా ముందుజాగ్రత్తగా ఇచ్చిన రోగుల పరిస్థితి మెరుగుపడకపోగా కొందరిలో కోలుకోవడం మందగించిందని 1991లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. నాళాలు ముడుచుకుంటే ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. దానితో పాటు ఆకలిగొన్న కణాలకు అందే రక్తమూ తగ్గుతుంది. నేడు ఈ ఉపాయాన్ని అత్యవసర ఘడియలలో, కొద్దిసేపటికి మాత్రమే వాడుతున్నారు.

సెలైన్ సంగతీ ఇంతే. నీరసించిన మనిషికి గ్లూకోజు సీసా ఎక్కిస్తే శక్తి వస్తుందన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా నాటుకుంది. దెబ్బ తిన్న మెదడుకు అదే గ్లూకోజు సీసా చేటు చేస్తుంది. అందులోని చక్కెరను శరీరం వాడుకున్నాక మిగిలేది ఉప్పు లేని నీరు. ఆ నీరు మెదడు కణాల్లోకి చేరి వాపును పెంచుతుంది. దీనికి విరుద్ధంగా మానిటాల్ గాని, గాఢమైన ఉప్పు ద్రావణం గాని ఇస్తే నీరు మెదడు నుంచి రక్తంలోకి లాగబడుతుంది. ఏ సీసా తగిలించాలన్న చిన్న నిర్ణయంలో ఇంత ఉంది.

మందుల విషయంలోనూ పాత నిషేధాలు కొన్ని సడలాయి. కెటమిన్ తలలో ఒత్తిడి పెంచుతుందని దశాబ్దాల పాటు తలగాయం రోగులకు దానిని దూరంగా ఉంచారు. శ్వాసను వెంటిలేటర్‌తో అదుపు చేస్తూ ఇస్తే అటువంటి కీడు కనిపించడం లేదని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. రక్తపోటును నిలబెట్టే ఈ చౌక మందు జిల్లా ఆసుపత్రులలో తేలికగా దొరికేది కావడం గమనార్హం.

కూర్చోబెట్టి చేసే ఆపరేషన్లు

మెదడు వెనుక భాగంలోని కొన్ని గడ్డలను తీయడానికి రోగిని మత్తులోనే కూర్చోబెడతారు. గుండె కంటే తల ఎత్తులో ఉండడం వల్ల రక్తం నిలవక సర్జన్‌కు లోపలి భాగం స్పష్టంగా కనిపిస్తుంది. తెగిన సిరల్లోకి గాలి పీల్చుకుపోయే ముప్పు కూడా ఆ ఎత్తు వల్లనే వస్తుంది. గాలి బుడగలు గుండెకు చేరితే రక్త ప్రసరణే స్తంభించవచ్చు. రోగి వదిలే శ్వాసలో బొగ్గుపులుసు వాయువు హఠాత్తుగా తగ్గితే అది తొలి హెచ్చరిక. మత్తు వైద్యుడు కేక వేయగానే సర్జన్ గాయాన్ని సెలైన్‌తో ముంచెత్తుతాడు. ఇటు మెడ సిరలో ముందే అమర్చిన గొట్టం గుండా గాలిని వెనక్కి లాగే ప్రయత్నం జరుగుతుంది.

వెన్నుపాము ఆపరేషన్లలో చిక్కు మరొక తీరుది. నరాల దారి చెక్కుచెదరలేదని తెలుసుకోవడానికి తల మీద సన్నని విద్యుత్ ప్రేరణ ఇచ్చి, చేతుల్లోను కాళ్లలోను కండరం కదలికను నమోదు చేస్తారు. కండరాలను సడలించే మందు ఇస్తే ఆ కదలికే రాదు. పీల్చే మత్తు వాయువులు ఎక్కువైనా సంకేతం మసకబారుతుంది. కనుక కండరాలకు మందు లేకుండానే రోగి కదలకుండా ఉండేలా, సిర ద్వారా ప్రోపోఫాల్ వంటి మందులను కొలతగా ఇస్తూ పోవాలి.

మెలకువలో చేసే శస్త్రచికిత్స అన్నిటిలోకీ సున్నితమైనది. మాటను, చేతి కదలికను శాసించే భాగాల పక్కన గడ్డ ఉన్నప్పుడు ఎంత వరకు కోయవచ్చో చెప్పగలిగేది రోగి ఒక్కరే. మెదడుకు నొప్పి తెలియదు. దానిని కప్పిన పొరకు, పుర్రె మీది చర్మానికి తెలుస్తుంది. అందుకని తల రెండు వైపులా ఆరేసి నరాల వద్ద మొద్దుబారే మందు ఇస్తారు. పిలిస్తే మేల్కొనే పాటి మగతను ఇచ్చే డెక్స్‌మెడిటోమిడిన్ వంటి మందులు తోడ్పడతాయి. గొట్టం లేదు, వెంటిలేటర్ లేదు. మూర్ఛ వస్తే, వాంతి అయితే, రోగి భయంతో లేవబోతే తలకు పట్టీ బిగించి ఉన్న స్థితిలోనే పరిస్థితిని చక్కదిద్దాలి. సినిమా చూపించడం వేడుక కోసం కాదు. కళ్లు, చెవులు, మాట పనిచేస్తున్నాయో లేదో కనిపెడుతూ రోగి మనసును మళ్లించే ఉపాయమది. ఎటువంటి రోగిని ఇందుకు ఎంపిక చేయాలి, ముందురోజు ఏమి చెప్పి సిద్ధం చేయాలి అన్నదానిలోనే సగం విజయం ఉంది.

హైదరాబాదు ప్రయోగాలు

మత్తు చరిత్రలో తెలుగువారి రాజధానికి ఒక స్థానముంది. 1846 అక్టోబరు 16న అమెరికాలో విలియం మోర్టన్ ఈథర్‌ను బహిరంగంగా ప్రదర్శించగా, మరుసటి సంవత్సరమే కలకత్తాలో దానిని వాడారు. తరువాత క్లోరోఫారం ప్రచారంలోకి వచ్చింది. దానితో పాటు ఆపరేషన్ బల్ల మీద ఆకస్మిక మరణాలూ పెరిగాయి. క్లోరోఫారం ముందుగా గుండెను దెబ్బతీస్తుందా, శ్వాసనా అన్న వివాదాన్ని తేల్చడానికి హైదరాబాదు మెడికల్ స్కూలుకు అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ 1888లోను, 1889లోను రెండు కమిషన్లు నడిపారు. రెండవ దానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేశారు. లండన్ నుంచి 'లాన్సెట్' పత్రిక లాడర్ బ్రంటన్‌ను ప్రతినిధిగా పంపింది. ముందుగా ఆగేది శ్వాసే, నాడిని చూడనక్కరలేదు అని కమిషన్ తీర్పు చెప్పింది. ఆ తీర్పు తప్పు. తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె లయ తప్పి ఆగిపోగలదని గుడ్‌మన్ లెవీ 1911లో రుజువు చేశారు. అయినా శ్వాసను కళ్లార్పకుండా గమనించాలన్న పట్టుదల హైదరాబాదు నుంచి ప్రపంచానికి వెళ్లింది. ఆ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పలువురు పేర్కొంటారు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే లండన్‌లో విక్టర్ హార్స్లీ మెదడు శస్త్రచికిత్సలకు నాంది పలికారు. ఈథర్ రక్తపోటును పెంచి మెదడులో రక్తస్రావాన్ని ఎక్కువ చేస్తుందని జంతువుల మీద పరీక్షించి చూసి, ఆయన క్లోరోఫారాన్ని ఎంచుకున్నారు. ఏ మత్తు మెదడుకు మేలన్న చర్చ అలా మొదలయింది. అమెరికాలో హార్వే కుషింగ్ వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు తాను ఈథర్ ఇస్తుండగా రోగి మరణించడంతో కలత చెంది, 1890వ దశకంలో మిత్రుడు కాడ్‌మన్‌తో కలిసి మత్తు సమయంలో నాడిని కాగితం మీద నమోదు చేయడం ఆరంభించారు. రక్తపోటును కొలిచే పరికరాన్ని 1901లో ఇటలీలో చూసి తన దేశానికి తెచ్చిందీ ఆయనే. నేటి మానిటర్ తెరకు ఆ కాగితాలే పూర్వీకులు.

వెల్లూరు నుంచి మొదలు

స్వతంత్ర భారతంలో నాడీ శస్త్రచికిత్స విభాగం 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీతో మొదలయింది. మరుసటి ఏడాది మద్రాసులో బి. రామమూర్తి మరో విభాగానికి శ్రీకారం చుట్టారు. చాందీ కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన వ్యక్తి. మూర్ఛ రోగులను మెలకువలో ఉంచి మెదడు పటం గీసిన పెన్‌ఫీల్డ్ పద్ధతులే కాకినాడ, గుంటూరు ఆపరేషన్లకు మూలం. అటు తరువాత 1974లో బెంగుళూరులో నిమ్హాన్స్ రూపుదిద్దుకుంది. 1980లో త్రివేండ్రంలోని శ్రీ చిత్ర సంస్థకు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు లభించింది.

సర్జన్లు వచ్చిన చాలా కాలానికి గాని వారికి తోడుగా ప్రత్యేక మత్తు నిపుణులను తయారుచేయాలన్న ఆలోచన బలపడలేదు. భారత న్యూరో అనస్తీషియా, క్రిటికల్ కేర్ సంఘం ఏర్పడింది 1999లో. ఎం.డి. తరువాత మూడేళ్ల డి.ఎం. కోర్సును నేడు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, శ్రీ చిత్ర, చండీగఢ్ పీజీఐ వంటి సంస్థలు నిర్వహిస్తున్నాయి. అక్కడి నుంచి ఏటా బయటకు వచ్చేవారు కొద్దిమంది. వారిలో అత్యధికులు మహానగరాలలోని పెద్ద ఆసుపత్రులలోనే స్థిరపడుతున్నారు. ఇది వారి తప్పు కాదు. రక్తపోటును ప్రతి గుండె చప్పుడుకూ చూపే ఏర్పాటు, రోజంతా పనిచేసే సి.టి. స్కాన్, రాత్రి కాపలాకు శిక్షణ పొందిన నర్సులు లేనిచోట వారు నేర్చిన విద్య ఉపయోగపడదు.

అసలు మామూలు మత్తు వైద్యులకే దేశంలో కొరత. లక్ష జనాభాకు కనీసం ఐదుగురు మత్తు వైద్యులుండాలని ప్రపంచ మత్తు వైద్య సంఘాల సమాఖ్య సూచించగా భారత్ ఆ సంఖ్యకు ఎంతో దూరంలో ఉంది. కాన్పుల కోసం ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకే కొన్ని నెలలు మత్తు శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం చేపట్టింది. సిజేరియన్‌కు ఆ ఏర్పాటు సరిపోవచ్చు, మెదడుకు సరిపోదు.

చిన్న పట్టణాల ప్రైవేటు నర్సింగ్‌హోములలో మత్తు వైద్యులు చాలామంది ఒకచోట ఉద్యోగులు కారు. ఫోను వస్తే వచ్చి, కేసుకు ఇంతని తీసుకొని మరో థియేటర్‌కు వెళ్లిపోతారు. మెదడు ఆపరేషన్‌కు ఈ పద్ధతి పొసగదు. ఆపరేషన్ ముగిశాక రోగి త్వరగా కళ్లు తెరిచి, పేరు చెప్పి, రెండు చేతులూ ఎత్తాలి. లేవడం ఆలస్యమైతే మందు మిగిలి ఉందా, లోపల మళ్లీ రక్తం చేరిందా అన్నది ఆ గంటలోనే తేల్చాలి. తేల్చవలసిన మనిషి అప్పటికి మరో ఊరి దారి పట్టి ఉంటే నష్టపోయేది రోగి.

రోడ్డు మీదనే మొదలు

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. మృతులలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారు. ప్రమాద మరణాలకు తలగాయం ప్రధాన కారణాలలో ఒకటి. హెల్మెట్ లేని తల రోడ్డుకు తగిలిన క్షణంలో జరిగే నష్టాన్ని ఏ వైద్యుడూ వెనక్కి తీసుకురాలేడు. ఆ తరువాతి గంటలలో జరిగే రెండో నష్టమే వైద్యం చేతిలో ఉన్నది. ప్రాణవాయువు అందకపోవడం, రక్తపోటు పడిపోవడం ఈ రెండో నష్టానికి ముఖ్య హేతువులు. తీవ్ర తలగాయం రోగులలో పై రక్తపోటు ఒక్కసారి 90 కంటే కిందికి దిగినా మరణావకాశం రెట్టింపవుతుందని 1993లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. థియేటర్‌లో మత్తు వైద్యుడు కాపాడేది ఈ రెండింటినే. ఆ కాపుదల థియేటర్ తలుపు దగ్గర కాక, రోడ్డు పక్కనే మొదలు కావాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సర్వీసు గాయపడినవారిని త్వరగా ఆసుపత్రికి చేర్చడంలో దేశానికి దారి చూపింది. అసలు చిక్కు మొదటి ఆసుపత్రి నుంచి రెండో ఆసుపత్రికి సాగే ప్రయాణంలో ఉంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. స్పృహను 3 నుంచి 15 వరకు కొలిచే గ్లాస్గో కొలమానంలో 8 లేదా అంతకన్నా తక్కువ ఉన్న రోగికి గొంతులో గొట్టం వేసి, శ్వాసను అదుపులో పెట్టి పంపాలన్నది ప్రపంచమంతటా అంగీకరించిన నియమం. గొట్టం వేయగల చేయి లేనప్పుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మూతికి మాస్కు తగిలించి, 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అని చీటీ రాసి పంపుతారు. నాలుక వెనక్కి పడి, నెత్తురో వాంతో ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆ రోగి నగరం చేరేసరికి సర్జన్ చేయగలిగింది కొద్దిగానే మిగులుతుంది.

మంచి ఉద్దేశంతో ఇచ్చే మందు కూడా కీడు చేయగలదు. మెదడు వాపు తగ్గుతుందన్న ఆశతో తలగాయం రోగులకు స్టెరాయిడ్లు ఇవ్వడం ఎన్నో దేశాలలో అలవాటుగా ఉండేది. పదివేల మందికి పైగా రోగులతో జరిగిన 'క్రాష్' పరిశోధన వాటి వల్ల మరణాలు పెరిగాయని 2004లో వెల్లడించింది. కణితి వల్ల వచ్చే వాపుకు స్టెరాయిడ్లు నేటికీ మంచి మందే. దెబ్బ వల్ల వచ్చే వాపుకు కావు.

ప్యాకేజీలో కలిసిన ఖర్చు

పేద కుటుంబాలకు మెదడు ఆపరేషన్ అందుబాటులోకి రావడానికి ప్రభుత్వ పథకాలు దోహదం చేశాయనడంలో సందేహం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ, 2018 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వచ్చాయి. ఆయుష్మాన్ భారత్‌లో చెల్లింపు ఆపరేషన్ పేరిట ప్యాకేజీగా ఉంటుంది. సర్జన్ రుసుము, మత్తు, ప్రాణవాయువు, థియేటర్ ఖర్చు అన్నీ అందులోనే. లెక్క సులువే. అయితే ఆ మొత్తంలో మత్తు మీద, ఆపరేషన్ తరువాతి కాపలా మీద ఎంత వెచ్చించారో బయటికి కనిపించదు. ఖర్చు తగ్గించుకోదలచిన యాజమాన్యానికి సర్జన్‌ను తగ్గించడం కుదరదు. రాత్రి కాపలాను తగ్గించడం కుదురుతుంది. చెల్లించే ప్రభుత్వాలు ఆపరేషన్ల సంఖ్యతో పాటు, ఆ రోగులలో ఎందరు నెల తరువాత మాట్లాడగలిగి, నడవగలిగి ఉన్నారో కూడా అడిగితే ఈ తేడా తెలిసివస్తుంది.

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసింది. ప్రమాదానికి మనిషికి 1.5 లక్షల రూపాయల వరకు, ఏడు రోజుల పాటు చికిత్స దాని పరిధి. మొదటి గంటలో ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్నతో రోగిని గుమ్మంలో నిలబెట్టే దుస్థితికి ఇది విరుగుడు కావాలి. తీవ్ర తలగాయం రోగి విషయంలో ఏడు రోజులంటే తరచు వెంటిలేటర్ మీదనే గడిచిపోతాయి. మెదడు వాపు మొదటి వారంలో తగ్గుముఖం పట్టినా గొంతు వద్ద రంధ్రం చేసి శ్వాస ఇవ్వడం, న్యుమోనియాతో పోరాటం, ఫిజియోథెరపీ ఆ తరువాతే. ఎనిమిదో రోజు ఉదయం నుంచి ఆ కుటుంబం ఆయుష్మాన్ భారత్ కార్డు వైపో, రాష్ట్ర పథకం వైపో, అవేవీ లేకపోతే ఊళ్లో ఉన్న ఎకరం పొలం వైపో చూడవలసి ఉంటుంది.